ఫొటో ఎందుకు ఎక్కడం లేదు? ఆన్‌లైన్ దుకాణంలో అప్‌లోడ్ లోపాలు, ఫోల్డర్ అనుమతులు

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా ఉత్తరానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్ దాటాక కొండగావ్ చేరుతుంది. 2012లో ప్రత్యేక జిల్లా అయ్యేవరకు కొండగావ్ బస్తర్ జిల్లాలోనే ఉండేది. ఢోక్రా లోహ శిల్పాలకు పేరున్న ఊరు ఇది. మట్టి దిమ్మ మీద సన్నని మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మొహెంజొదారోలో దొరికిన నర్తకి విగ్రహాన్ని పోతపోసింది కూడా ఇలాంటి మైనపు పద్ధతిలోనే. బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు ఉంది.

ఇలాంటి బొమ్మను ఆన్‌లైన్‌లో కొనేవారు చేత్తో పట్టుకుని చూడలేరు. మైనపు తీగల ఆనవాళ్లు, అంచుల నగిషీ, లోహం మెరుపు అన్నీ ఫొటోలోనే కనిపించాలి. ఫొటో సైట్‌లోకి ఎక్కకపోతే ఆ వస్తువు దుకాణంలో లేనట్టే. పండుగల గిరాకీ మొదలయ్యే వేళ కొత్త సరుకు ఫొటోలు పెట్టబోతే 'ఫైలు అప్‌లోడ్ కాలేదు', 'ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదు' అని ఎర్ర అక్షరాలు కనిపిస్తే దుకాణదారుకు కాళ్లూ చేతులూ ఆడవు.

అప్పుడు చాలామందికి దొరికే సలహా ఒక్కటే: 'ఫోల్డర్‌కు 777 పెట్టేయండి.' చాలాసార్లు ఆ సలహా పనిచేస్తుంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది. లోపం మాయమవుతుంది కానీ, దుకాణం తలుపు ఎవరు తోసినా తెరుచుకునే స్థితిలో మిగిలిపోతుంది. అసలు ఫొటో ఏ దారిలో వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలిస్తే ఇంత ప్రమాదకరమైన మందు వాడాల్సిన అవసరం రాదు.

ఫొటో దాటాల్సిన ఐదు మజిలీలు

వెబ్ పేజీలోని ఫారం ద్వారా ఫైలు పంపే పద్ధతికి 1995 నవంబరులో తొలి నిర్దేశ పత్రం వచ్చింది. అప్పటి నుంచి మూల సూత్రం పెద్దగా మారలేదు. ఫొటో వరుసగా ఐదు మజిలీలు దాటాలి.

మొదటిది నెట్‌వర్క్. ఫోన్ నుంచి సర్వర్‌కు ఫైలు ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. రెండోది వెబ్ సర్వర్. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చే ఫైలు పరిమాణాన్ని చూస్తుంది. మూడోది పీహెచ్‌పీ వంటి భాషలో రాసిన దుకాణం ప్రోగ్రామ్. ఇది ఫైలును ముందుగా ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టుకుని పరిశీలిస్తుంది. నాలుగోది చిత్రాల తయారీ. వచ్చిన ఫొటో నుంచి చిన్న, మధ్యస్థ సైజు నకళ్లు తయారవుతాయి. ఐదోది డిస్క్. ఫైలు తన అసలు ఫోల్డర్‌లోకి చేరుతుంది. ఫోల్డర్ అనుమతుల ప్రశ్న ప్రధానంగా ఈ చివరి మజిలీలో వస్తుంది. అంతకు ముందే ఆగిపోయిన ఫైలుకు అనుమతులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

ముందు బరువు లెక్క

12 మెగాపిక్సెల్ ఫోన్ కెమెరా తీసే ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 బిందువులు ఉంటాయి. జేపెగ్ రూపంలో కుదించాక అది సుమారు 3 నుంచి 5 మెగాబైట్లు ఉంటుంది. పీహెచ్‌పీ ఒక్కో ఫైలుకు ముందుగా పెట్టి ఉంచే పరిమితి 2 మెగాబైట్లు. ఒక ఫారంలో వచ్చే మొత్తానికి పరిమితి 8 మెగాబైట్లు. ఎన్‌జిన్‌ఎక్స్ అయితే 1 మెగాబైటుకే ఆపేస్తుంది. హోస్టింగ్ సంస్థలు చాలావరకు వీటిని పెంచి ఇస్తాయి. పెంచని చోట మామూలు ఫోన్ ఫొటో కూడా లోపలికి పోదు. ఒక చోట పెంచి రెండో చోట మరిచిపోతే ఫలితం అదే. గేటు వెడల్పు చేసి గుమ్మం ఇరుకుగా వదిలేస్తే బండి గుమ్మం దగ్గర ఆగుతుంది.

నెట్‌వర్క్ లెక్క కూడా ముఖ్యమే. 5 మెగాబైట్లంటే 40 మెగాబిట్లు. ఫోన్ నుంచి పైకి పంపే వేగం సెకనుకు అర మెగాబిట్ ఉంటే ఒక్క ఫొటోకు 80 సెకన్లు పడుతుంది. పది ఫొటోలకు 13 నిమిషాలు దాటుతుంది. బస్తర్ అడవి పల్లెల్లో చాలాచోట్ల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కనుక, మధ్యలో తెగిపోయే అవకాశం ఎక్కువ. 'ఫైలు పాక్షికంగా మాత్రమే చేరింది' అనే సందేశానికి అర్థం ఇదే.

మూడో లెక్క చాలామందికి తట్టదు. జేపెగ్‌గా 5 మెగాబైట్లున్న ఫొటోను చిన్న నకళ్లు చేయడానికి సర్వర్ మెమరీలో పూర్తిగా విప్పాలి. ఒక్కో బిందువుకు 4 బైట్ల చొప్పున 12 మెగాపిక్సెళ్లకు 48 మెగాబైట్లు కావాలి. 50 మెగాపిక్సెళ్ల ఫొటోకు 200 మెగాబైట్లు. ఒక పనికి పీహెచ్‌పీ ముందుగా ఇచ్చే మెమరీ 128 మెగాబైట్లు. అందుకే కొన్నిసార్లు ఫొటో ఎక్కినట్టే ఉంటుంది కానీ చిన్న బొమ్మ రాదు, లేదా కారణం చెప్పకుండా 'సర్వర్ లోపం' అంటుంది.

ఈ మూడు చిక్కులకూ ఒకటే తేలికైన ఉపాయం ఉంది. పంపే ముందే ఫోన్‌లో ఫొటోను 1,600 అడ్డం, 1,200 నిలువుకు తగ్గించడం. బిందువుల సంఖ్య ఆరో వంతుకు దిగుతుంది. ఫోన్, కంప్యూటర్ తెరల మీద నగిషీ స్పష్టంగా కనిపించడానికి అది సరిపోతుంది.

లోపం సందేశం ఏం చెబుతోంది?

సంఖ్య కనిపిస్తే దాన్ని రాసి పెట్టుకోవాలి. ఫైలు ఏ మజిలీలో ఆగిందో అదే చెబుతుంది. తరచుగా ఎదురయ్యేవి ఇవి:

• 413: ఫైలు మరీ పెద్దది. వెబ్ సర్వర్ గుమ్మం దగ్గరే ఆగింది.
• 403: ప్రవేశం నిషిద్ధం. చదవడానికి అనుమతి లేకపోవచ్చు, లేదా భద్రతా నియమం ఏదో అడ్డుకుని ఉండవచ్చు.
• 500: సర్వర్ లోపలి లోపం. ఈ సంఖ్య ఒక్కటే చూసి కారణం చెప్పలేం. లాగ్ చూడాల్సిందే.
• పీహెచ్‌పీ లోపం 1: ఫైలు సర్వర్ పెట్టిన పరిమితిని దాటింది.
• పీహెచ్‌పీ లోపం 3: ఫైలు కొంత భాగమే చేరింది. నెట్‌వర్క్ తెగింది.
• పీహెచ్‌పీ లోపం 6: తాత్కాలిక ఫోల్డర్ లేదు.
• పీహెచ్‌పీ లోపం 7: డిస్క్ మీద రాయలేకపోయింది. అనుమతి లేకపోవచ్చు, ఖాళీ లేకపోవచ్చు.

ఫారం మొత్తం పరిమితిని దాటినప్పుడు మరో వింత జరుగుతుంది. పీహెచ్‌పీ ఫారంలోని సమాచారాన్నంతా వదిలేస్తుంది. వస్తువు పేరు, ధర, వివరణ అన్నీ నింపి పంపినా దుకాణం ప్రోగ్రామ్‌కు ఖాళీ ఫారం వచ్చినట్టు ఉంటుంది. 'పేరు రాయలేదు' అని అది మనల్నే తప్పుపడుతుంది. అలాంటప్పుడు ఫొటోలు తగ్గించి మళ్లీ పంపి చూడాలి.

4, 2, 1: అనుమతుల భాష

చిన్న ఫొటో కూడా ఎక్కకపోతే అప్పుడు ఫోల్డర్ వైపు చూడాలి. వెబ్ సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్ మీద నడుస్తాయి. దాని అనుమతుల పద్ధతి బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ నుంచి వచ్చింది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే రోజుల్లో, ఒకరి ఫైళ్లు మరొకరు పాడు చేయకుండా పెట్టిన ఏర్పాటు ఇది.

ప్రతి ఫైలుకు, ఫోల్డర్‌కు ఒక యజమాని, ఒక బృందం ఉంటారు. మిగతా అందరూ 'ఇతరులు'. ఈ ముగ్గురికీ విడివిడిగా మూడు రకాల అనుమతులు ఇవ్వవచ్చు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఇచ్చినవాటిని కలిపితే ఒక అంకె వస్తుంది. చదవడం, రాయడం, నడపడం మూడూ ఉంటే 7. చదవడం, నడపడం మాత్రమే అయితే 5. చదవడం, రాయడం అయితే 6. చదవడం ఒక్కటే అయితే 4. మూడు అంకెలను యజమాని, బృందం, ఇతరులు అనే వరుసలో రాస్తారు. 755 అంటే యజమానికి అన్నీ, మిగతావారికి రాసే అధికారం తప్ప మిగిలినవి. 644 అంటే యజమాని చదవవచ్చు, రాయవచ్చు, మిగతావారు చదవవచ్చు. 777 అంటే అందరికీ అన్నీ.

ఫోల్డర్ల విషయంలో ఈ మూడు మాటలకు అర్థం కొంచెం మారుతుంది. ఫోల్డర్‌ను 'చదవడం' అంటే అందులో ఉన్న పేర్ల జాబితా చూడటం. 'రాయడం' అంటే అందులో కొత్త ఫైలు చేర్చడం, ఉన్నదాని పేరు మార్చడం, తీసేయడం. 'నడపడం' అంటే ఆ ఫోల్డర్ గుండా లోపలికి వెళ్లగలగడం. దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. ఒకటి, ఫొటోల ఫోల్డర్‌కు అనుమతి సరిగ్గా ఉన్నా, దాని పైనున్న ఫోల్డర్లలో ఏ ఒక్కదాని గుండా దారి లేకపోయినా ఫైలు చేరదు. రెండు, ఫైలును తీసేయడానికి సాధారణంగా ఆ ఫైలు మీద అధికారం అక్కర్లేదు, అది ఉన్న ఫోల్డర్ మీద రాసే అధికారం ఉంటే చాలు. 777 పెట్టిన ఫోల్డర్‌లో ఎంత జాగ్రత్తగా దాచిన ఫైలునైనా ఎవరైనా తీసేయగలరని దీని అర్థం.

777 ఎందుకు పనిచేస్తుంది?

సాధారణంగా జరిగేది ఇది. సైట్ తయారు చేసిన వ్యక్తి తన ఖాతాతో ఫైళ్లన్నీ సర్వర్‌లో పెడతారు. వాటికి యజమాని ఆ ఖాతాయే. దుకాణం ప్రోగ్రామ్ నడిచేది మాత్రం వెబ్ సర్వర్ ఖాతా పేరుతో. ఉబుంటు, డెబియన్ సర్వర్లలో దాని పేరు 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా'. ఫొటోల ఫోల్డర్‌కు 755 ఉంటే యజమాని మాత్రమే రాయగలరు. వెబ్ సర్వర్ ఖాతా 'ఇతరుల' లెక్కలోకి వస్తుంది కనుక దానికి రాసే హక్కు లేదు. సైట్‌ను ఒక హోస్టింగ్ నుంచి మరో హోస్టింగ్‌కు మార్చిన వెంటనే ఈ లోపం ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇదే. ఫైళ్లు వస్తాయి, యజమానులు మారిపోతారు.

ఇప్పుడు 777 పెడితే 'ఇతరులకు' రాసే హక్కు వచ్చింది. వెబ్ సర్వర్ ఆ ఇతరుల్లో ఒకరు కనుక ఫొటో ఎక్కింది. కానీ ఆ మాటలో వెబ్ సర్వర్ ఒక్కటే లేదు. ఆ యంత్రంలోని ప్రతి ఖాతా, ప్రతి ప్రోగ్రామ్ ఉన్నాయి. చవకైన హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద ఎన్నో సైట్లు ఉంటాయి. ఖాతాల మధ్య గట్టి గోడలు లేని చోట పక్క సైట్‌లోకి చొరబడినవాడు మీ ఫోల్డర్‌లోకి కూడా రాగలడు.

కొందరు ఫొటోల ఫోల్డర్‌తో ఆగకుండా సైట్ మొత్తానికి 777 పెట్టేస్తారు. అది ఇంకా ప్రమాదం. అప్పుడు చెల్లింపు పేజీ కోడ్‌ను కూడా మార్చవచ్చు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్‌లో దొంగలు ఒక స్క్రిప్టును మార్చి, ప్రయాణికులు టైపు చేసిన కార్డు వివరాలను తమకు చేరేలా చేసుకున్నారు. వారు లోపలికి వచ్చిన దారి వేరైనా, కోడ్ ఫైలును మార్చగలిగితే ఏం జరుగుతుందో ఆ ఘటన చూపింది. ఆ సంస్థకు 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. చిన్న దుకాణం దగ్గర కూడా కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. వాటిని కాపాడే బాధ్యతను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన దేశంలో కూడా చట్టబద్ధం చేసింది.

సరైన మందు: అనుమతి పెంచడం కాదు, యజమానిని సరిచేయడం

కంప్యూటర్ భద్రత గురించి జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన ప్రసిద్ధ పత్రంలో ఒక సూత్రం ఉంది. ప్రతి ప్రోగ్రామ్‌కు, ప్రతి వాడుకరికి తమ పనికి అవసరమైనంత అధికారమే ఉండాలి, అంతకు మించి ఉండకూడదు. ఫోల్డర్ అనుమతులకు ఇదే కొలత.

ఫొటోల ఫోల్డర్‌లో ఎవరు రాయాలి? దుకాణం ప్రోగ్రామ్ నడిచే ఖాతా. అయితే ఆ ఒక్క ఫోల్డర్‌కు ఆ ఖాతాను యజమానిగా చేసి 755 ఉంచితే చాలు. లేదా ఆ ఖాతా ఉన్న బృందాన్ని ఫోల్డర్‌కు జోడించి 775 ఇవ్వవచ్చు. యజమానిని మార్చే ఆదేశం 'సీహెచ్-ఓన్', అనుమతుల అంకె మార్చేది 'సీహెచ్-మాడ్'. లోపలి ఫొటో ఫైళ్లకు 644 సరిపోతుంది. పాస్‌వర్డులున్న కాన్ఫిగరేషన్ ఫైలును 'ఇతరులు' చదవలేకుండా 440 గానో 400 గానో ఉంచమని వర్డ్‌ప్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి.

పంచుకునే హోస్టింగ్‌లో చాలాచోట్ల ప్రోగ్రామ్ మీ ఖాతా పేరుతోనే నడుస్తుంది. అక్కడ 755 పెట్టినా ఫొటోలు ఎక్కాలి. కొన్ని ఏర్పాట్లలో 777 పెడితే భద్రతా యంత్రాంగం ఆ ఫోల్డర్‌లోని ప్రోగ్రామ్‌ను నడపడానికి నిరాకరించి 500 లోపం ఇస్తుంది. లోపం పోవడానికి వేసిన మందే కొత్త లోపం తెస్తుందన్నమాట.

అనుమతులు సరిగ్గా ఉన్నా ఫైలు ఎక్కకపోతే మరో రెండు చూడాలి. ఒకటి డిస్క్. ఖాళీ ఉందా, ఫైళ్ల సంఖ్య పరిమితి నిండిందా? డిస్క్‌లో చోటు ఉన్నా, ఉంచగల ఫైళ్ల సంఖ్య అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. ఒక్కో ఫొటోకు నాలుగైదు చిన్న నకళ్లు తయారయ్యే దుకాణాల్లో ఇది అరుదు కాదు. రెండోది, రెడ్ హ్యాట్ కుటుంబం సర్వర్లలో ఉండే ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలా. 4, 2, 1 లెక్క సరిపోయినా, వెబ్ సర్వర్ రాయదగిన చోటుగా ఆ ఫోల్డర్‌కు ముద్ర లేకపోతే అది అడ్డుకుంటుంది. అక్కడ ముద్ర సరిచేయాలి తప్ప కాపలాదారును ఇంటికి పంపకూడదు.

రాయగలిగే చోట కోడ్ నడవకూడదు

ఒక అపోహను ఇక్కడ తొలగించాలి. ఫొటోల ఫోల్డర్‌లోని ఫైళ్లకు 644 ఉంది, నడిపే అనుమతి లేదు కదా, ఇక భయం లేదని చాలామంది అనుకుంటారు. పీహెచ్‌పీ ఫైలు విషయంలో అది నిజం కాదు. ఆ ఫైలును పీహెచ్‌పీ ప్రోగ్రామ్ చదివి తానే నడిపిస్తుంది. చదివే అనుమతి ఉంటే చాలు. అందుకే ఫొటోల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకూడదని వెబ్ సర్వర్‌కు విడిగా చెప్పాలి.

2020 సెప్టెంబరులో దీనికి పెద్ద ఉదాహరణ దొరికింది. వర్డ్‌ప్రెస్ సైట్లలో వాడే 'ఫైల్ మేనేజర్' అనే ప్లగిన్ అప్పటికి 7 లక్షలకు పైగా సైట్లలో ఉంది. అందులో పొరపాటున మిగిలిన ఒక నమూనా ఫైలు ద్వారా, లాగిన్ కాకుండానే ఎవరైనా సర్వర్‌లోకి ఏ ఫైలునైనా ఎక్కించగలిగారు. దాడి చేసినవారు కోడ్ ఫైళ్లు ఎక్కించి, బ్రౌజర్‌లో ఆ చిరునామా తెరిచి సైట్లను వశం చేసుకున్నారు. 6.9 వెర్షన్‌లో ఆ లొసుగును మూసేశారు. ఫైళ్లు చేరే చోట కోడ్ నడవకుండా ఉన్న సైట్లకు ఇలాంటి దాడిలో నష్టం చాలా తక్కువ.

వచ్చినది నిజంగా ఫొటోయేనా అని కూడా చూడాలి. ఫైలు పేరు చివరి అక్షరాలు నమ్మదగినవి కావు. జేపెగ్ ఫైలు మొదటి మూడు బైట్లు 255, 216, 255. పీఎన్‌జీ ఫైలు 137, 80, 78, 71తో మొదలవుతుంది. మంచి దుకాణం ప్రోగ్రామ్ ఇలాంటి గుర్తులు చూసి, పైగా చిత్రాన్ని విప్పి చూశాకే అంగీకరిస్తుంది. 2017 నుంచి ఐఫోన్లు వాడే హెచ్‌ఈఐసీ ఫొటోకు పేరు చివర జేపీజీ అని మార్చినా చాలా సైట్లు తిప్పికొట్టడానికి కారణం ఇదే. పేరు మార్చడం కాదు, రూపం మార్చాలి.

వరుసగా ఇలా వెతకండి

1. వంద కిలోబైట్లలోపు ఉన్న చిన్న జేపెగ్ ఫొటోతో ప్రయత్నించండి. అది ఎక్కి పెద్దది ఎక్కకపోతే చిక్కు పరిమాణం, మెమరీ, నెట్‌వర్క్‌లలో ఒకటి. అనుమతుల జోలికి వెళ్లకండి.
2. అదే ఫొటోను మరో నెట్‌వర్క్ నుంచి పంపి చూడండి.
3. సర్వర్ లోపాల లాగ్‌లో చివరి పంక్తులు చదవండి. ఏ ఫోల్డర్, ఏ కారణం అన్నది సాధారణంగా అక్కడే ఉంటుంది.
4. డిస్క్ ఖాళీ, ఫైళ్ల సంఖ్య, తాత్కాలిక ఫోల్డర్ చూడండి.
5. ఫొటోల ఫోల్డర్ యజమాని ఎవరో, ప్రోగ్రామ్ ఏ ఖాతాతో నడుస్తోందో పోల్చండి. పైనున్న ఫోల్డర్లను కూడా చూడండి.
6. ఒకసారి ఒక్కటే మార్చండి. పాత అంకె రాసి పెట్టుకోండి. పని చేయకపోతే వెనక్కి మార్చండి.

సర్వర్ మీ చేతిలో లేకపోతే మూడో మెట్టు నుంచి పని హోస్టింగ్ సంస్థది. వారికి 'ఫొటో ఎక్కడం లేదు' అని మాత్రమే రాస్తే జవాబు ఆలస్యమవుతుంది. ఎన్ని గంటలకు, ఎంత పరిమాణం ఉన్న ఫైలుతో, ఏ సంఖ్య వచ్చిందో రాస్తే వారు లాగ్‌లో ఆ పంక్తిని నేరుగా వెతకగలరు.

ఇప్పటికే ఎప్పుడో 777 పెట్టి మరిచిపోయిన సైట్ అయితే ముందు అంకెలను సరిచేయండి. తర్వాత ఫొటోల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లు ఏమైనా ఉన్నాయేమో వెతకండి. అక్కడ అవి ఉండాల్సిన పని సాధారణంగా లేదు. అనుమానం వస్తే వెంటనే తుడిచేయకుండా నకలు తీసి పెట్టి, పాస్‌వర్డులు మార్చి, దాడికి ముందున్న మంచి బ్యాకప్ నుంచి సైట్‌ను తిరిగి నిలబెట్టాలి. సైబర్ దాడులను గుర్తించిన 6 గంటల్లోగా సంస్థలు తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది.

అప్‌లోడ్ లోపం చికాకు పెట్టేదే అయినా, తరచుగా అది కాపలా సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు కూడా. ఎవరిని లోపలికి రానివ్వాలో కాపలాదారుకు చెబితే సరిపోతుంది. కొండగావ్‌లో పోతపోసిన బొమ్మ ఫొటో సైట్‌లోకి ఎక్కుతుంది, కొన్నవారి వివరాలు భద్రంగా ఉంటాయి.